నాన్న పుస్తకంలో ఆ ఒక్క రోజు గురించి రాయాలా, వద్దా?

రెండోఅమ్మాయి:
అందరికీ నమస్కారం. ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేదాన్నే, రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నాన్న పోయి నాలుగు నెలలైంది. 79 ఏళ్ళు. పదహారో ఏట ఇటుకలందించే పనికి వెళ్ళి, తాపీ పట్టి, మేస్త్రి అయ్యి, ఆ తర్వాత సొంతంగా కాంట్రాక్టులు మొదలుపెట్టిన మనిషి. ఇప్పుడు కంపెనీ అన్నయ్య చూసుకుంటున్నాడు. మూడు వందల మంది పనిచేస్తారు. నాన్న మీద చిన్న పుస్తకం వేసి చుట్టాలకీ స్టాఫ్‌కీ ఇద్దామని, నలభై పేజీలు చాలని, నన్నే రాయమన్నాడు.

పన్నెండు పేజీలు రాశాక చదువుకుంటే నాకే విసుగొచ్చింది. క్రమశిక్షణ, నిజాయితీ, కష్టజీవి, మాట తప్పని మనిషి. ఎవరి నాన్న పేరు పెట్టినా సరిపోతుంది. అన్నయ్య చదివి "టెండరుతో పాటు జతచేసే కంపెనీ ప్రొఫైల్‌లా ఉందే" అన్నాడు.

అసలు సమస్య వేరే ఉంది. నాన్న రోజూ సైటు డైరీ రాసేవారు. బీరువాలో 38 డైరీలు దొరికాయి. వాన పడిందా, ఎన్ని బస్తాల సిమెంటు వాడారు, ఎంతమంది పనికి వచ్చారు, వెనక పేజీల్లో పేర్లతో మస్టరు. నాన్న గొంతేమీ వినపడదు అందులో, అంతా లెక్కే.

నేను ఆరో తరగతిలో ఉండగా ఒక సైటులో పునాది గొయ్యి కూలి ఒకాయన చనిపోయారు. ఇంట్లో ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ రాత్రి నాన్న బురద బూట్లతోనే మంచం మీద కూర్చుని ఉండడం, అమ్మ వచ్చి ఆ బూట్లు విప్పడం మాత్రం నాకు గుర్తు. ఆ రోజు డైరీ తీసి చూశాను. ఒక్కటే లైను. "వచ్చినవాళ్ళు 22. వెళ్ళినవాళ్ళు 21."

ఇది పుస్తకంలో పెట్టొద్దంటాడు అన్నయ్య. పోయిన మనిషికి ఇప్పుడు మచ్చ ఎందుకంటుంది అత్తయ్య. అమ్మ ఏమీ అనడం లేదు. నాకేమో ఇది వదిలేస్తే మిగతా నలభై పేజీలూ అబద్ధమే అనిపిస్తోంది. మీరైతే ఏం చేస్తారు?

గుండుదారం:
అమ్మా, ముప్పై ఏళ్ళు సైట్లలో సూపర్‌వైజరుగా చేసినవాణ్ణి. రాయాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం, ముందు ఆ పన్నెండు పేజీల జబ్బుకి మందు చెబుతాను.

మీ నాన్నగారి దగ్గర చేసిన పాత మేస్త్రుల్ని పట్టుకోండి. "ఆయన ఎలాంటివారు?" అని మాత్రం అడక్కండి. దేవుడమ్మా అంటారు, అయిపోయింది, అక్కణ్ణుంచి మీకు ముక్క దొరకదు. "మిమ్మల్ని ఎప్పుడు తిట్టారు?" అని అడగండి. తిట్లు మాత్రం ఎవరూ మర్చిపోరు.

మా ఓనరు నన్ను మొదటిసారి తిట్టింది బకెట్టు నీళ్ళ గురించి. కాంక్రీటు బిగుసుగా ఉంది, పోయడం కష్టంగా ఉందని కుర్రాళ్ళు నీళ్ళు కలుపుతుంటే చూస్తూ ఊరుకున్నాను. ఆయన వచ్చి బకెట్టు తన్నేశారు. "ఇవాళ నీ నడుము నొప్పి తగ్గుతుందిరా, కాంక్రీటు ఎండాక ఆ నీళ్ళున్న చోటల్లా బొక్కలే మిగులుతాయి" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆయన ఎలాంటి మనిషో మీకు తెలిసిపోయింది కదా? నేను క్రమశిక్షణ అన్న మాట వాడానా?

మూడోతరం:
గుండుదారం గారూ, బ్రహ్మాండం. మా తాతయ్య కూడా బిల్డరే. ఆయన గురించి మేం రాసినప్పుడు పనికొచ్చింది ఒక్కటే, కాంక్రీటు దిమ్మలు.

తెలియనివాళ్ళకి: స్లాబు పోసే రోజు అదే కాంక్రీటుతో 15 సెంటీమీటర్ల దిమ్మలు పోసి, నీళ్ళలో ఉంచి, కొన్నిటిని 7 రోజులకీ మిగతావాటిని 28 రోజులకీ మిషన్లో పెట్టి పగలగొట్టి బలం చూస్తారు. ఒక్కోటి ఎనిమిది కిలోలు ఉంటుంది. ఎక్కువ పోసి మిగిలినవి తాతయ్య ఇంటికి తెచ్చేవాడు. మా ఇంట్లో తలుపు గాలికి కొట్టుకోకుండా దిమ్మ, మొక్కల దగ్గర కూర్చోడానికి దిమ్మ, టీవీ కింద దిమ్మ. మా నాయనమ్మ కాలి వేలికి తగలని రోజు లేదు. "ఈ ఇంటికి పునాది బయట పెట్టారు" అని గొణిగేది.

ఒకసారి ఒక స్తంభం తాలూకు దిమ్మలు 28 రోజులకి కూడా కావలసిన బలానికి రాలేదు. స్తంభం కొట్టించేశాడు. ఆ ఏడాది మా నాన్న కాలేజీ ఫీజు అప్పు చేసి కట్టారట. మా బాబాయి ఇప్పటికీ అంటాడు, "మళ్ళీ టెస్టు చేయిస్తే సరిపోయేదేమో, ఆయనకి పంతం" అని. మేం రెండూ రాశాం, కొట్టించడమూ, బాబాయి కోపమూ.

నిజంచెప్పాలంటే:
అందరూ రాయమనేట్టే ఉన్నారు కాబట్టి నేను అడ్డం మాట్లాడతాను.

రెండోఅమ్మాయి గారూ, మీ అన్నయ్యా మీ అత్తయ్యా చెప్పే కారణాలు నాకూ నచ్చలేదు. ఇంకో కారణం ఉంది, అది మీలో ఎవరికీ తట్టలేదు. ఆ పోయినాయనకీ ఒక ఇల్లు ఉంటుంది. ఆ ఇంటి దుఃఖం మీ నాన్నగారి పుస్తకంలో ఒక మంచి పేజీ అవుతుంది. చదివినవాళ్ళు "పాపం, పెద్దాయన ఎంత కుమిలిపోయారో" అనుకుంటారు. పోయింది వాళ్ళ మనిషి, సానుభూతి మీ నాన్నగారికి. మీ పోస్టులోనే చూడండి, మీ నాన్నగారి బూట్లు గుర్తున్నాయి, ఆ పోయినాయన పేరు లేదు.

కఠినంగా అన్నానేమో, క్షమించండి.

రెండోఅమ్మాయి:
కఠినంగానే ఉంది. కానీ నిజమే, నేను ఆ వైపు నుంచి ఆలోచించలేదు. పేరు డైరీలో ఉంది. ఇక్కడ రాయను.

వంతెనలపిచ్చి:
నా పిచ్చి మీకు తెలిసిందే, వంతెన లేకుండా పోస్టు ఉండదు. కానీ ఇది నిజంగా సందర్భమే.

న్యూయార్క్ బ్రూక్లిన్ వంతెన డిజైన్ చేసిన జాన్ రోబ్లింగ్ కూడా ఇలాంటి ఇంటిపెద్దే. జర్మనీ నుంచి వలసొచ్చి, ఇనప తీగల తాళ్ళు తయారుచేసే సొంత వ్యాపారం పెట్టి, వంతెనలు కట్టి పేరు తెచ్చుకున్నాడు. 1869లో వంతెన కోసం కొలతలు తీస్తుండగా పడవ వచ్చి గుద్దుకుని పాదం నలిగింది. ధనుర్వాతం వచ్చి కొన్ని వారాల్లోనే పోయాడు. కొడుకు వాషింగ్టన్ పని అందుకున్నాడు. నది అడుగున గాలి ఒత్తిడి పెట్టిన పెట్టెల్లో పనిచేసీ చేసీ, పైకొచ్చేటప్పుడు పట్టే జబ్బుతో మంచాన పడ్డాడు. అక్కణ్ణుంచి అతని భార్య ఎమిలీ లెక్కలు నేర్చుకుని, సైటుకీ ఇంటికీ మధ్య తిరుగుతూ ఏళ్ళ తరబడి పని నడిపింది. 1883 మే 24న వంతెన తెరిచారు.

చెప్పొచ్చేదేమిటంటే, పెద్దాయన పాదం ఎలా నలిగిందో ప్రపంచానికంతా తెలుసు. కట్టేటప్పుడు ఎంతమంది పనివాళ్ళు పోయారో మాత్రం ఇప్పటికీ గట్టిగా ఒక అంకె చెప్పలేరు. ఇరవైకి తక్కువ కాదంటారు, అంతే. మీ నాన్నగారు ఆ రోజు 22, 21 అని రాసి పెట్టారు. నేనైతే దాన్ని తేలిగ్గా వదలను.

పెద్దకోడలు:
ఎమిలీ పేరు వచ్చింది కాబట్టి అడుగుతున్నా. రెండోఅమ్మాయీ, మీ పోస్టులో మీ అమ్మగారు బూట్లు విప్పారు, తర్వాత "ఏమీ అనడం లేదు". అంతేనా?

మా మామగారిదీ ఇదే వ్యాపారం. బిల్లు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు, వారం కూలి మాత్రం ఆగదు. ఆ మధ్యలో ఉండే ఖాళీ అంతా మా అత్తగారే పూడ్చింది. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరింట్లో పిల్లకి జ్వరమో, ఎవరికి ఈ వారం ముందే ఇవ్వాలో ఆమెకే తెలుసు. మామగారి మీద వేసిన సావనీరులో ఆమె ఫోటో ఒక్కటుంది, కింద "ధర్మపత్నితో" అని. అమ్మని అడగండి. రాయాలా వద్దా అని అడక్కండి, ఆ వారం ఏం జరిగిందో అడగండి.

మట్టిమనిషి:
నేను పునాదుల పని చూసే ఇంజనీర్ని. ముందు ఒక చిన్న సవరణ: గుండుదారం గారూ, కాంక్రీటు ఎండడం వల్ల గట్టిపడదు. సిమెంటుకీ నీళ్ళకీ జరిగే రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. ఎండిపోతే ఆ చర్య ఆగిపోతుందనే కదా రోజుల తరబడి తడుపుతాం.

ఇక విషయానికి. గొయ్యి కూలడం చూసినవాళ్ళకే తెలుస్తుంది, కేక పెట్టే టైమ్ కూడా ఉండదు. ఘనమీటరు మట్టి టన్నున్నర పైమాటే. ఛాతీ దాకా కప్పేసిందంటే తల బయటే ఉన్నా మనిషి ఊపిరి తీసుకోలేడు. ఊపిరి వదిలిన ప్రతిసారీ మట్టి ఇంకాస్త బిగుస్తుంది. మామూలుగా కారణాలు మూడే: పక్కలకు పలకలూ అడ్డకర్రలూ పెట్టకపోవడం, తవ్విన మట్టిని అంచునే గుట్టగా పోయడం, వాన పడ్డాక మళ్ళీ చూసుకోకుండా దిగడం. నిన్నటిదాకా నిట్టనిలువుగా నిలబడ్డ మట్టే ఇవాళ నమ్మించి కూలుతుంది. లోతు మనిషి ఎత్తు కూడా ఉండక్కర్లేదు. చాలా చోట్ల ఒకటిన్నర మీటరు దాటితే పక్కలకు ఆనింపు ఉండి తీరాలని రూలు పెట్టింది అందుకే.

డైరీలో వాన సంగతి రాస్తారన్నారు. ముందు రెండు రోజులు చూశారా? ఇంకోటి, నాకు దీనికంటే ముఖ్యం అనిపించేది: ఆ రోజు తర్వాత డైరీ ఏమైనా మారిందా?

గుండుదారం:
ఎండడం, గట్టిపడడం తేడా నాకు తెలుసు సార్. మా ఓనరు అన్న మాట ఆయన అన్నట్టే రాశాను. తిట్టేటప్పుడు రసాయన శాస్త్రం గుర్తుండదు.

మట్టిమనిషి:
ఒప్పుకున్నాను :)

నిర్వాహకులు:
కాంక్రీటు క్యూరింగ్ మీద వేరే త్రెడ్ ఉంది, ఆ గొడవ అక్కడ. ఇక్కడ రెండోఅమ్మాయి గారి విషయం మాట్లాడుకుందాం.

పాతకాగితం:
చర్చలో దూరను గానీ డైరీల గురించి ఒక మాట. పాత కాగితాలు సర్దడం నా ఉద్యోగం. ఆ 38 డైరీల్లో గుండుసూదులు, క్లిప్పులు ఉంటే మెల్లిగా తీసేయండి, తుప్పు కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ జోలికి మాత్రం పోవద్దు, మళ్ళీ ఊడదీయలేరు. మిషన్లో కొట్టిన పలచటి బిల్లులుంటే ముందు అవే స్కాన్ చేయండి, వాటి మీద అక్షరాలు తొందరగా వెలిసిపోతాయి.

పాత ప్లాన్లు ఉన్నాయా? అమ్మోనియా ప్రింట్లు (అమ్మోనియా ఆవిరితో తీసే ప్లాన్ల కాపీలు) అయితే ఫ్రేము కట్టించి వెలుతురు పడే గోడకి తగిలించొద్దు. గీతలు మాయమైపోతాయి.

రెండోఅమ్మాయి:
ప్లాన్లు ఒక చుట్ట ఉన్నాయి. ఆ అమ్మోనియా వాసన! నాన్న ఆఫీసు గది అంటే నాకు అదే వాసన. మీరు చెప్పేదాకా దానికి పేరుందని తెలీదు.

మట్టిమనిషి గారి ప్రశ్న చదివి రాత్రి డైరీలన్నీ కింద పరిచి కూర్చున్నాను. ముందు రెండు రోజులూ "వాన" అనే ఉంది. మీరు ఊహించిందే.

ఆ రోజు తర్వాత తొమ్మిది పేజీలు ఖాళీ. పదో రోజు: "వచ్చినవాళ్ళు 19. వెళ్ళినవాళ్ళు 19."

అప్పుడు వెనక్కి వెళ్ళి చూశాను. ఆ రోజుకి ముందు డైరీల్లో ఎక్కడా "వెళ్ళినవాళ్ళు" అన్న మాటే లేదు. ఎంతమంది వచ్చారో మాత్రమే రాసేవారు, కూలి లెక్కకి అదే కావాలి కాబట్టి. ఆ రోజే మొదటిసారి రాశారు. ఇక చివరి డైరీ దాకా ఏ పనిరోజూ ఆ రెండో అంకె లేకుండా లేదు. నేను ముందు ఆ ఒక్క పేజీనే చూశాను కాబట్టి అది మామూలు పద్ధతే అనుకున్నాను.

పొద్దున్నే అన్నయ్యకి ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడలేదు. కంపెనీలో ఇప్పటికీ సాయంత్రం లెక్క ఉందట. పొద్దున మిషన్ మీద వేలు పెట్టి వస్తారు, సాయంత్రం మాత్రం సూపర్‌వైజరు మనుషుల్ని గేటు దగ్గర తలలు లెక్కపెట్టి పంపాలి. దండగ పని అని స్టాఫ్ గోల. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు అన్నయ్య ఆ కాలమ్ తీసేయిస్తానంటే, అప్పటికే ఆఫీసుకి రావడం మానేసిన నాన్న ఆటో ఎక్కి వచ్చి వద్దన్నారట. కూలీ లెక్కల్లో దొంగతనం జరక్కుండా పెట్టిన రూలని అన్నయ్య ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

పెద్దకోడలు:
చదివి కాసేపు అలాగే ఉండిపోయాను.

గుండుదారం:
మేస్త్రుల్ని అడిగావా అమ్మా? తిట్ల సంగతి?

రెండోఅమ్మాయి:
అడిగాను, మీరు చెప్పినట్టే అడిగాను. ఎందుకంటే ఒక పేజీలో లెక్క తప్పింది. "వచ్చినవాళ్ళు 41. వెళ్ళినవాళ్ళు 40." దాని కింద కొట్టివేత, పక్కన వేరే ఇంకుతో "నిద్రపోయాడు. దొరికాడు."

పాత సూపర్‌వైజరు ఒకాయన ఉన్నారు, ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు. "నాన్న మిమ్మల్ని ఎప్పుడు తిట్టారు బాబాయ్?" అని గట్టిగా అరిచి అడిగాను. నవ్వేశారు. ఆ 41వ వాడు ఈయనే. కుర్రతనం, జ్వరంగా ఉండి సిమెంటు బస్తాల వెనక పడుకున్నాడు. సాయంత్రం లెక్క తగ్గింది. ఇంటికెళ్ళిపోయి ఉంటాడు లెమ్మని అందరూ అన్నారట. నాన్న వినలేదు. టార్చిలైటు పట్టుకుని ప్రతి గొయ్యీ చూసుకుంటూ, పేరు పెట్టి పిలుచుకుంటూ తిరిగారట. రెండు గంటల తర్వాత బస్తాల వెనక దొరికాడు.

"తిట్టారా?" అంటే, "లేదమ్మా, నా పక్కన సిమెంటులోనే కూలబడ్డారు. కాసేపయ్యాక లేచి అప్పుడు తిట్టారు. అమ్మో, ఆ తిట్లు నీకు చెప్పకూడదు" అన్నారు.

మూడోతరం:
ఇంకేం కావాలండీ పుస్తకానికి.

నిజంచెప్పాలంటే:
ఇది మీ నాన్నగారి కథ, రాసుకునే హక్కు మీకుంది. ఒప్పుకుంటాను. మొదటి పేజీ మీద నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది. ఆ 21 మీ నాన్నగారి అంకె. తగ్గిన ఒకటి మీది కాదు.

రెండోఅమ్మాయి:
రెండు వారాలు కనిపించలేదు, క్షమించండి. ఇంట్లో చాలా జరిగింది.

పెద్దకోడలు గారు చెప్పినట్టు అమ్మని ఆ వారం గురించి అడిగాను. పుస్తకం ఊసే ఎత్తలేదు. అమ్మ చెప్పింది. ఆ తొమ్మిది రోజులూ నాన్న పొద్దున్నే ఆ చనిపోయినాయన ఇంటికి వెళ్ళి బయట అరుగు మీద కూర్చునేవారట. ఎవరూ పలకరించలేదు. డబ్బు ఇస్తే మొదట ఆయన తమ్ముడు విసిరికొట్టాడు. తర్వాత అమ్మ వెళ్ళి, ఆయన భార్య చేతికిచ్చింది. ఆమె తీసుకుంది. "మీరొస్తే రండి. ఆయన్ని మాత్రం ఇక రానివ్వకండి. చూడలేను" అంది. నాన్న మళ్ళీ వెళ్ళలేదు. అమ్మ మాత్రం వాళ్ళ పాప పదో తరగతి దాటేదాకా ఏటా వెళ్ళొచ్చింది. మాకెవరికీ తెలీదు. నాన్నకి తెలుసా అంటే, "డబ్బులు బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయేవారు, ఎక్కడికని అడిగేవారు కాదు" అంది.

రాయొచ్చా అని అప్పుడు అడిగాను. "వాళ్ళని అడుగు. నన్నడుగుతావేం?" అంది అమ్మ. అచ్చం నిజంచెప్పాలంటే గారి మాటే.

ఆ పాప ఇప్పుడు నాకంటే కొంచెం చిన్న. టీచరు. తండ్రి పోయేనాటికి నాలుగేళ్ళు. ఫోన్ నంబరు సంపాదించి మూడు రోజులు చేతిలో పెట్టుకుని తిరిగాను. చివరికి చేశాను. విషయమంతా చెప్పాను. పుస్తకంలో పేరు పెట్టాలా, పెట్టకుండా రాయాలా, అసలు మానేయాలా, మీరెలా అంటే అలా అన్నాను.

ఆమె పుస్తకం గురించి ఏమీ అనలేదు. "ఆ డైరీల్లో మా నాన్న పేరు ఉందా?" అని అడిగింది. మస్టరులో ఉందన్నాను. "ఎన్ని రోజులు?" అంది. ఆయన ఫోటో ఒక్కటే ఉందట వాళ్ళింట్లో, పెళ్ళినాటిది. పని చేసినట్టు రాసిన కాగితం ఏదీ లేదు. ఏ రోజు ఎక్కడ ఏం కట్టాడో ఎవరూ చెప్పలేదు.

నిన్న మొత్తం లెక్కపెట్టాను. 214 రోజులు. ఎక్కువ రోజులు ఒక స్కూలు బిల్డింగు దగ్గరున్నారు. మస్టరులో ఆయన పేరు పక్కన "తాపీ" అని ఉంది, మొదటి నెలలో "సాయం" అని ఉండేది. ఆ మార్పు జరిగిన రోజు కూలి పెరిగింది.

ఆ స్కూలు ఇంకా ఉంది. ఆమెకి చెప్పాను. ఆదివారం చూడ్డానికి వెళ్తున్నాం. పుస్తకం ప్రెస్సుకి పంపొద్దని అన్నయ్యే ఆపాడు.

పాతకాగితం గారూ, ఆ పేజీలన్నీ ఆమెకి ఇవ్వాలి. రాత పెన్సిలుది, చాలా చోట్ల చెరిగిపోయింది. ఫోన్‌తో తీస్తే రావడం లేదు.

పాతకాగితం:
ఫోన్ వద్దు. స్కానర్లో 600 డీపీఐ పెట్టండి, నలుపు తెలుపు కాకుండా రంగుల్లోనే తీయండి, పెన్సిలు జాడ అప్పుడే పడుతుంది. డైరీ వెన్ను విరిగేలా నొక్కొద్దు. అయినా రాని పేజీలుంటే చెప్పండి. దీపం పక్కనుంచి ఏటవాలుగా పడేలా పెట్టి ఫోటో తీసే పద్ధతి ఒకటుంది. కాగితం మీద పెన్సిలు నొక్కిన గీతకి నీడ పడుతుంది, చదవొచ్చు.